మార్పులు ఎన్నయినా ఉచితం

నేను ప్రకటనలకు మాటలు రాసి బతుకుతాను. చీరల దుకాణం, బంగారు కొట్టు, సిమెంటు, పిల్లల హాస్టలు, ఏదైనా సరే, ఆ సరుకు మీద దాని యజమానికన్నా నాకే ఎక్కువ ప్రేమ ఉన్నట్టు రాయాలి. ఉద్యోగం కాదు. పని వస్తే పని, రాకపోతే ఫ్యాను చూస్తూ పడుకోవడం. కొత్తవాళ్లు ఎవరైనా అడిగితే ఫోన్లో నా రేట్లు పంపేవాణ్ణి. కరపత్రానికి ఇంత, రేడియో ప్రకటనకు ఇంత, హోర్డింగు మీద ఒక్క వాక్యానికి ఇంత. అన్నిటి కిందా ఒక మాట ఉండేది: మార్పులు ఎన్నయినా ఉచితం. ఆ మాట చూసి మెచ్చుకున్నవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు. ఎందుకు రాశావని మాత్రం ఎవరూ అడగలేదు.

నేను పుట్టింది తెలుగు సరిహద్దు అవతల, మరాఠీ రాష్ట్రంలోని జిమల్‌గట్టలో. నాన్న అక్కడ మరాఠీ బడిలో మాస్టరు. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, ఆటల్లో గోండి. చదువయ్యాక హైదరాబాదు వెళ్లి ఒక ప్రకటనల సంస్థలో చేరాను. అది మూతపడ్డాక అక్కడి అద్దెలు కట్టలేక సిరొంచ వచ్చేసి, ఒక ఇంట్లో వెనక గది తీసుకున్నాను. సొంత ప్రాంతానికి వచ్చానని చెప్పుకోవడానికే గానీ, నాతో చదువుకున్నవాళ్లంతా నాగపూరుకో చంద్రపూరుకో వెళ్లిపోయారు. అమ్మా నాన్నా పోయారు. పెళ్లి వయసు నన్ను పలకరించకుండానే దాటిపోయింది. బస్టాండు దగ్గర టీ తాగుతుంటే పక్కవాళ్లు వడ్ల ధర గురించో, ఏటపల్లి గనుల్లో ఉద్యోగాల గురించో మాట్లాడుకుంటారు. నేను తలూపుతాను. కాసేపటికి నా తలూపుడు ఎవరికీ అవసరం లేదని అర్థమై, గ్లాసు పెట్టేసి వచ్చేస్తాను.

రేటు చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. మొదట్లో ఇంగ్లీషులో రాసేవాళ్లను చూసి మాటకింత అని పెట్టాను. ఇంగ్లీషులో ఐదారు మాటలయ్యేది తెలుగులో ఒక్క మాటగా అతుక్కుని కూర్చుంటుందని తట్టలేదు. నెల తిరిగేసరికి కందిపప్పు కొనడానికి కూడా వెనకాముందు చూడాల్సి వచ్చింది. తర్వాత పనికింత అని మార్చాను. అప్పుడు ఇంకో చిక్కు. ఎంత చెప్పినా, "ఊళ్లోనే ఉంటావు కదా, నీకేం ఖర్చు?" అనేవాళ్లు. ఊళ్లో ఉన్నవాడికి ఆకలి తక్కువ వేస్తుందని వాళ్ల నమ్మకం.

నాకు నికరంగా పని ఇచ్చేది ఒక్కాయనే. హైదరాబాదులో చిన్న ఏజెన్సీ నడుపుతూ, మంచిర్యాల, కరీంనగర్ వైపు దుకాణాలకు ప్రకటనలు చేసి పెడతాడు. నాకన్నా బాగా పెద్దవాడు. ఆయనకు మొదటిసారి రాసింది ఏదీ నచ్చదు. మధ్యాహ్నం భోజనానికి కూర్చుని, నములుతూనే ఫోన్ చేసేవాడు.

"తిన్నావా తమ్ముడూ?"

"తిన్నాను సార్."

"ఏం కూర?"

చెప్పేవాణ్ణి. వండుకోని రోజు కూడా ఏదో ఒక కూర పేరు చెప్పేవాణ్ణి. అప్పుడు అసలు సంగతికి వచ్చేవాడు. "ఆ 'ఇంటిల్లిపాదికీ' అన్నది పాతగా ఉంది. 'అందరికీ' అని పెట్టు." పెట్టేవాణ్ణి. మర్నాడు మళ్లీ ఫోను. "'అందరికీ' మరీ చప్పగా ఉంది తమ్ముడూ, ముందుదే నయమేమో." ఇలా ఒక చీరల దుకాణం కరపత్రం దసరాకని మొదలై దీపావళికి అచ్చయింది. మధ్యలో ఆయన మోకాలి నొప్పి, ఆయన ఇంటి ముందు తవ్వి వదిలేసిన రోడ్డు, మా ప్రాణహితలో నీళ్లెంత వచ్చాయి, ఇక్కడ చేపలు ఎంతకు దొరుకుతాయి, అన్నీ మాట్లాడుకునేవాళ్లం. కరపత్రం ముచ్చట అందులో ఏ మూలో ఉండేది.

ఆ ఫోను కోసం నేను పొద్దున్నుంచీ ఎదురుచూసేవాణ్ణి. గదిలో సిగ్నలు సరిగా అందదు. అందుకని వేళ కాకముందే పెరటి గోడ దగ్గర నీడలో కుర్చీ వేసుకునేవాణ్ణి. ఇంటి ముందు భాగంలో ఇంటామె ఉంటుంది. పెద్దావిడ, అవ్వా అని పిలుస్తాను. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ నన్ను చూసి ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"రోజు గిదే యాళ్లకు ఫోన్ల ముచ్చట్లు. పిల్లనేమన్న చూస్తున్నరా ఏంది కొడుకా?"

"కాదవ్వా, పని మాటలు."

"పని మాటలకు గంతగనం నవ్వుడెందుకు?"

ఆమె జవాబు కోసం ఆగలేదు, చెంబు బోర్లించి లోపలికి వెళ్లిపోయింది.

పోయిన వానాకాలం కరెంటు వస్తూ పోతూ నా ల్యాప్‌టాప్‌ను చంపేసింది. దాన్ని సంచిలో పెట్టుకుని చంద్రపూర్ దాకా మోసుకెళ్లాను. దుకాణంలో అబ్బాయి మూత తెరిచి చూసి, దీని మీద పెట్టే డబ్బు దండగ, కొత్తది కొనుక్కోండి అన్నాడు. కొత్తదాని ధర విని సంచి మళ్లీ భుజానికి తగిలించుకున్నాను. తిరుగు ప్రయాణంలో ఆష్టి దగ్గర బస్సు ఆగితే దిగి, హైదరాబాదులో నాతో పనిచేసిన స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఆమె కూడా ఇప్పుడు నాలాగే సొంతంగా రాస్తుంది. పాత ల్యాప్‌టాప్ ఏదైనా ఉందేమో అడుగుదామని నా ఉద్దేశం. నేను ఆ మాట ఎత్తేలోపే ఆమె నా రేట్లు అడిగింది. చెప్పాను.

"మార్పులు ఫ్రీ ఏంటి? నీకేమైనా మతి పోయిందా? రెండుసార్లు చేసిపెట్టు, ఆ పైన డబ్బులు తీసుకో. మేమందరం అలాగే చేస్తున్నాం."

"ఆ ఏజెన్సీ ఆయన నన్ను వదిలేస్తే?"

"వదిలేయనీ. ఉండి నీకు ఒరగబెడుతున్నదేముంది?"

బస్సు హారన్ కొడుతోందని చెప్పి పెట్టేశాను.

ఇంటికొచ్చాక రేట్లన్నీ పెంచి కొత్తగా రాశాను. అంకెలు మార్చడం ఇంత తేలికని అన్నేళ్లూ తెలియలేదు. ఆ చివరి మాట దగ్గర మాత్రం వేలు ఆగిపోయింది. పని పోతుందన్న భయమే అనుకున్నాను మొదట. కాదు. పని పోతే ఇంకొకటి వెతుక్కోవచ్చు. ఏం కూర అని అడిగే మనిషిని ఎక్కడ వెతుక్కోను? నా గదిలో ఒక గొంతు వినపడటానికి నేను నా శ్రమ ఊరికే ఇచ్చేస్తున్నాను, అంతే. ఆ సంగతి ఒప్పుకున్నాక సిగ్గేసింది. సిగ్గు కాస్తా కోపమైంది. ఆ కోపంలోనే ఆ మాట కొట్టేసి, 'రెండు మార్పులు దాటితే ప్రతి మార్పుకూ అదనపు చార్జి' అని రాసి ఆయనకు పంపేశాను.

ఆయన బేరమాడతాడని, ఊళ్లో ఉంటావు కదా అంటాడని, నేను జవాబులు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. కాసేపటికే రెండు ముక్కలు వచ్చాయి: "సరే తమ్ముడూ. ఎప్పుడో అడగాల్సింది నువ్వు." ఆ రోజు చేపలు తెచ్చుకుని పులుసు పెట్టుకున్నాను. నాలుగు రోజులు పోయాక వాయిదాల మీద కొత్త ల్యాప్‌టాప్ కూడా వచ్చింది.

ఫోను మాత్రం రాలేదు. పని ఆగిందని కాదు, ఇదివరకటికన్నా ఎక్కువే వస్తోంది. కానీ మార్పులన్నీ ఒక్క మెసేజీలో, వరుస అంకెలు వేసి వస్తున్నాయి. సరిచేసి పంపితే 'ఓకే' అని వస్తుంది. ఆ వెంటనే డబ్బు పడుతుంది. నెల పట్టే కరపత్రం రెండు రోజుల్లో అయిపోతోంది. నాకు కావాల్సిందంతా దొరికినట్టే. మధ్యాహ్నమైతే అలవాటుగా కుర్చీ తీసుకెళ్లి గోడ దగ్గర కూర్చునేవాణ్ణి.

"ఏంది కొడుకా, ఫోన్ ఖరాబైందా?" అంది అవ్వ.

"మంచిగనే ఉందవ్వా."

"అయితే సంబంధం తప్పిపోయినట్టుంది తియ్యి. ఇంకోటి వస్తది, గిట్ల మొకం పెట్టుకోకు." నవ్వుతూనే అంది. నేనూ నవ్వి, కుర్చీ లోపల పెట్టేసుకున్నాను.

ఒకరోజు ఉండబట్టలేక నేనే ఫోన్ చేశాను. భోజనం వేళ చూసుకునే చేశాను.

"ఏంటి తమ్ముడూ, ఏమైనా తేడా వచ్చిందా?" కంగారుగా అడిగాడు.

"ఏం లేదు సార్, ఊరికే. భోజనం అయిందా?"

"ఆ, అయింది, అయింది." ఒక క్షణం ఆగి, "ఈ కాల్‌కి బిల్లు వేయవు కదా?" అని పెద్దగా నవ్వాడు.

నేనూ నవ్వాను, అవసరానికి మించే నవ్వాను. మోకాలు ఎలా ఉందని అడిగాను. పర్లేదన్నాడు. ప్రాణహిత సంగతి అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. "సరే మరి, నీ టైము పాడుచేయను" అన్నాడు. ఎగతాళికి అనలేదు. నా టైముకు ఒక ధర ఉందని నేనే చెప్పాను, ఆయన దాన్ని మర్యాదగా పాటిస్తున్నాడు.

ఫోను పెట్టేసి అక్కడే నిలబడి మెసేజీ రాశాను. "సార్, మనిద్దరికీ పాత పద్ధతే ఉంచుదాం. మార్పులకు డబ్బులొద్దు. ఎన్నిసార్లయినా ఫోన్ చేయండి." ఆ చివరి ముక్క చెరిపాను, మళ్లీ రాశాను, మళ్లీ చెరిపాను. చివరికి ఉంచే పంపాను.

సాయంత్రం జవాబు వచ్చింది. "వద్దు తమ్ముడూ, ఇదే బాగుంది. ఇప్పుడు నేను కూడా ముందే ఆలోచించుకుని ఒక్కసారే చెప్పేస్తున్నాను. మధ్యాహ్నాలు నాకు బోలెడంత టైము మిగులుతోంది."

సరే సార్ అని రాశాను. ఆయనకు ఇప్పుడు మిగులుతున్న ఆ టైమంతా మొన్నటిదాకా నాది.