విమానం ముక్కులో బెల్లం

నా చిన్నప్పుడు, ఆరో తరగతి అయిన వేసవి సెలవుల్లో, జానెడు ప్లాస్టిక్ విమానం ఒకటి చేతిలో పెట్టుకుని నెల రోజులు ఏడ్చాను. కన్నీళ్ళ ఏడుపు కాదు, పళ్ళు నూరుకునే ఏడుపు. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు నన్ను 'పెద్దమ్మా, నీకు కోపం ఎక్కువ' అంటారు. ఆ నెలలో నన్ను చూసి ఉంటే ఇప్పుడు ఎంత నెమ్మదించానో వాళ్ళకి తెలిసేది.

అనకాపల్లిలో మా పక్కింటి తాతని వీధంతా మిలట్రీ తాత అనేవారు. ఆయన విమానదళంలో చాలా ఏళ్ళు మెకానిక్కుగా పనిచేసి వచ్చాడు. కొత్త కుర్రాళ్ళు ఎగరడం నేర్చుకునే చిన్న విమానాలు ఆయన చేతి కింద ఉండేవట. అక్కడ ఫొటోలు తీయనివ్వరు కాబట్టి ఆయన ఇంట్లో గోడ మీద చర్చి క్యాలెండరు తప్ప ఆ ఉద్యోగపు గుర్తు ఒక్కటీ లేదు. అలాంటిది ఆయన కూతురు ఎక్కడో వెతికి, సరిగ్గా ఆ విమానం నమూనానే ఒక డబ్బాలో ముక్కలుగా దొరికితే పార్సిల్ చేసింది. ముక్కలు అతికించి రంగులు వేసుకోవాలి. తాత చేతులు అప్పటికే వణికేవి. అందుకని సన్నటి వేళ్ళున్న నన్ను పిలిచాడు.

ఆ విమానం ఆయన ఇంట్లో ఉంచుకోవడానికి కాదు. ఆ రకం విమానం మీదే ఎగరడం నేర్చుకున్న ఒక ఆఫీసరుగారు రిటైరై, తాతని చూడ్డానికి పై నెల ఒక ఆదివారం వస్తానని ఫోను చేశారు. ఆయన చేతిలో పెట్టాలని తాత ఆశ. ఉన్నది ఒక్క డబ్బా. పాడుచేస్తే ఇంకోటి రాదు. ఈ సంగతి నాకు మొదటి రోజే చెప్పాడు, చెప్పకుండా ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

పని మొదలుపెట్టిన దగ్గర్నుంచీ పేచీలే. మొదటిసారి వేసిన తెల్ల రంగు రెక్క మీద పట్టకుండా చుక్కలు చుక్కలుగా విడిపోయింది. తాత రెక్కని వాసన చూసి, "బెల్లం తిన్న సేత్తో ముట్టేవు కదే పాపా?" అన్నాడు. మా నాన్న బెల్లం మార్కెట్లో పని చేసేవాడు, మా ఇంట్లో మంచినీళ్ళు లేకపోయినా బెల్లం ఉండేది. రంగంతా గీకించి, ముక్కలన్నీ కుంకుడు రసంతో కడిగించాడు. రెండోసారి రంగు కారింది. మూడోసారి బ్రష్షు వెంట్రుక అంటుకుంది. ముక్కుకీ రెక్కల చివర్లకీ నారింజ రంగు ఎందుకు, అంతా తెలుపే వేసేద్దామంటే ఒప్పుకోలేదు. "నేర్సుకునే కుర్రోడు వత్తన్నాడని దూరం నుంచే తెలవాలి కదమ్మా," అన్నాడు.

వీటన్నిటికంటే నాకు ఒళ్ళు మండించినది ఆయన లెక్క. పని ఆపే ముందు తువ్వాలు మీద పరిచిన బ్లేడు, పట్టకారు, ఆకురాయి, బ్రష్షులు ఒక్కొక్కటీ చూసి పైకి చెప్పాలి. ఒకరోజు పట్టకారు కనబడలేదు. మిట్టమధ్యాహ్నం అరుగంతా పాకించి వెతికించాడు. చివరికి అది ఆయన చొక్కా జేబులోనే ఉంది. ఆయన హాయిగా నవ్వాడు, నేను రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ విమానానికి ముందు ఒక చక్రం, వెనక రెండు. ముక్కులో బరువు పెట్టకుండా మూసేస్తే తోక మీద చతికిలబడుతుంది. అందుకని రాజయ్యపేట నుంచి చేపలు తెచ్చే ఆవిడ చేత, వలకి కట్టే సీసం గుళ్ళు తెప్పించాడు. వాటిలో మూడు నా అరచేతిలో పెట్టి, "మూడు. గుర్తెట్టుకో," అన్నాడు. ఆ సాయంత్రం ఆయన ప్రార్థన కూటానికి వెళ్ళాలి. ముక్కలు మా ఇంటికి తీసుకెళ్ళి, గుళ్ళు ముక్కులో పెట్టి, విమానం పొట్ట రెండు చెక్కలూ అతికించమన్నాడు.

నేను తిన్నగా ఆ పని చేస్తే ఈ కథే లేదు. గుళ్ళు గచ్చు మీద దొర్లించి ఆడాను. ఒకటి మాయమైంది. బియ్యం డబ్బా జరిపాను, చాపలు దులిపాను, రుబ్బురోలు కింద పుల్ల పెట్టి గీరాను. లేదు. రెండే పెట్టి, చెక్కలు దారంతో కట్టి చూస్తే విమానం తోక మీద కూలబడి, ముక్కు ఆకాశంలోకి పెట్టి నన్ను వెక్కిరించింది. వెళ్ళి చెప్పొచ్చు. తాత కూటం నుంచి వచ్చేశాడు, వాళ్ళ గుమ్మం పది అడుగులు. నాకు ఆ రోజు అరుగు మీద పాకినదే గుర్తొచ్చింది. ఆ పది అడుగులు నా వల్ల కాలేదు.

వంటింట్లో బెల్లం దిమ్మ ఉంది. మెత్తటి చోట గిల్లి, ఉండ చేసి, రెండు గుళ్ళ మీదా దట్టంగా కూరాను. రెండు చెక్కలూ జిగురుతో అతికించి బట్టల క్లిప్పులు పెట్టాను. తెల్లారి చూస్తే విమానం మూడు చక్రాల మీద దర్జాగా నిలబడింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. "మూడూ ఎట్టేవా?" అని తాత అడిగితే, పెట్టాను తాతా అని కళ్ళలోకి చూసి మరీ చెప్పాను.

తర్వాత రెండు వారాలు రంగులు సాగాయి. గీతలు కుదిరాయి, నారింజ రంగు నున్నగా పట్టింది. తాత వీధిలో పోయేవాళ్ళని పిలిచి మరీ చూపించాడు. పొగిడినప్పుడల్లా నేను బ్రష్షు కడిగే వంకతో లోపలికి పోయేదాన్ని.

ఆదివారం ఇంకా నాలుగు రోజులుందనగా ఉక్కపోత ఎక్కువైంది. పొద్దున్నే తాత పిలిస్తే వెళ్ళాను. బల్ల మీద విమానం, గోడ మీంచి దాని ముక్కుదాకా చీమల బారు. ముక్కు కింద అతుకులోంచి గోధుమ రంగు చారిక కారి, నా నారింజ రంగు పొక్కులు పొక్కులుగా లేచిపోయింది. తాత ఆ చారికని వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. నేను చచ్చిపోయాననుకున్నాను.

"గుళ్ళు ఎన్ని పాపా?" అన్నాడు.

"మూడు," అన్నాను. అప్పుడు కూడా అదే అన్నాను, చూడండి.

ఆయన కేకలు వేయలేదు. చీమలు విదిలించుకుంటూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తన కుర్రతనంలో జరిగినది ఒకటి చెప్పాడు. విమానం లోపల బిగిస్తుంటే చేతిలోంచి నట్టు ఒకటి జారిందట. వెతికితే కనబడలేదు. చెబితే పై అధికారి తిడతాడని మూత బిగించేశాడు. కిందకి దిగేసరికి నేర్చుకునే కుర్రాడు వచ్చి ఎక్కాడు. ఆ రోజే మొదటిసారి ఒంటరిగా ఎగరడం. కుర్రాడు ఈయనకేసి చూసి, అంతా బాగుంది కదా అన్నట్టు తలాడించి నవ్వాడు. ఈయనా తలాడించాడు. ఇంజిను అందుకుంది. అప్పుడు తాతకి కాళ్ళు ఆగలేదు, చేతులు ఊపుకుంటూ విమానానికి ఎదురు పరుగెత్తాడు. ఇంజిను ఆపించి, అంతా ఊడదీస్తే తోకని తిప్పే తీగ పక్కన నట్టు దొరికింది.

"తిట్టారా?" అని అడిగాను.

"టీ ఇప్పించేరు," అన్నాడు తాత. "ఆ కుర్రోడే ఆదివారం వత్తన్నది."

నాకు ఇంక ఆగలేదు. గుండు పోయిందనీ, బెల్లం పెట్టాననీ, అబద్ధం చెప్పాననీ అంతా ఒక్క గుక్కలో కక్కేసి, ఈసారి నిజం ఏడుపే ఏడ్చాను. ఆయన ముక్కు తుడుచుకోమని తువ్వాలు ఇచ్చి, "సెప్పేసేవు కదా, అయిపోయింది. ముందు సెప్పాల, తరవాత ఎతుక్కోవాల. నువ్వు తిరగేసి సేసేవు," అన్నాడు. తర్వాత బీరువా తీసి ఒక పొట్లం విప్పాడు. దాంట్లో ఇరవై ముప్ఫై సీసం గుళ్ళున్నాయి! ఒక్క మాట అడిగి ఉంటే పోయేదానికి నేను విమానం కొంప ముంచాను. ఆ పొట్లం చూసినప్పుడు నా మీద నాకు వచ్చిన కోపం ఇంకెవరి మీదా ఎప్పుడూ రాలేదు.

ముక్కు నా చేతనే బ్లేడుతో కోయించాడు. గోరువెచ్చటి నీళ్ళు పోసి బెల్లమంతా కడిగి, మూడో గుండు పెట్టి మూశాను. ఎంత గీకినా, ఎన్ని పూతలు వేసినా అక్కడ గీత కనబడుతూనే ఉంది. ఆదివారం ఆఫీసరుగారు వచ్చారు, జుట్టంతా నెరిసిన పొడుగాటి మనిషి. గీత ఉన్న వైపు గోడకి తిప్పి పెట్టాను నేను. తాత విమానాన్ని ఎత్తి, ఆ వైపే ఆయనకి చూపించాడు. "ఇక్కడ తెరిసేం సార్. లోపల తప్పు జరిగింది. ఈ పాపే సెప్పింది."

నేను సిగ్గుతో చితికిపోయాను. ఆయన ఆ గీత మీద వేలితో రాసి, తాతకేసి చూశారు. తర్వాత విమానాన్ని బల్ల మీద పెట్టి, తోకని మెల్లగా నొక్కి వదిలారు. ముక్కు టక్కున దిగి, మూడు చక్రాల మీదా నిలబడింది. "అయితే దీంట్లో నేను ఎక్కొచ్చు," అన్నారు.

ఇప్పుడు నేను విశాఖలో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుని. కడుపు మూసే ముందు వాడిన గాజుగుడ్డలన్నీ లెక్క చూసి పైకి చెప్పడం నా పని. ఎప్పుడో ఒకసారి ఒకటి తగ్గుతుంది. డాక్టరుగారికి అవతల ఇంకో కేసు ఉంటుంది, ఆయన ముఖం మాడిపోతుంది, సరిగ్గా చూడమ్మా అని విసుక్కుంటారు. ఎక్కడో బకెట్టు కిందే పడి ఉంటుందిలే, ముందు వెతికి తర్వాత చెబుదామని నాకూ అనిపిస్తుంది. ఆ క్షణంలో ప్రతిసారీ నా నాలిక మీద బెల్లం రుచి తగులుతుంది. "ఒకటి తగ్గింది సార్, మూయకండి," అంటాను. తర్వాతే వెతుకుతాను.