నా పేరుతో ఆడిన కాళ్లు

జిల్లా ఫుట్‌బాల్ పోటీల్లో ఉత్తమ ఆటగాడినని చెప్పే సర్టిఫికెట్లు నా దగ్గర రెండున్నాయి. నేను జన్మలో ఒక్క గోల్ కొట్టిన పాపాన పోలేదు. బంతి మీదికొస్తుంటే కళ్లు మూసుకునే రకాన్ని. ఆ గోల్స్ అన్నీ కొట్టింది మా అన్న. కొట్టించింది మా డ్రిల్ సారు.

ఆ సారును జహీరాబాద్‌లో ఇప్పటికీ దేవుడంటారు. బడి వెనక మైదానాన్ని సారు గ్రౌండ్ అనే పిలుస్తారు. నా ఈడు వాళ్లు ఆ గోడ పక్కనుంచి పోతూ దండం పెట్టుకోవడం నేను చూశాను. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది, ఎందుకంటే ఆ కోపంలో సగం నా మీదే.

డెబ్బైల దశకం సగం దాటాక ఆయన మా హైస్కూలుకు బదిలీ మీద వచ్చాడు. అంతకుముందు మా ఆటల పీరియడంటే చెట్టు నీడకు కూర్చొని ముచ్చట్లు పెట్టుకోవడమే. ఈయన తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, మెడలో విజిల్, చేతిలో చింతబరికెతో దిగాడు. వయసులో ఉన్నప్పుడు హైదరాబాద్‌లో ఆడాడట. వచ్చిన మొదటి వారంలోనే పొద్దున ఐదింటికి పిల్లల్ని గ్రౌండ్‌కు రప్పించాడు. చిరాగ్‌పల్లి నుంచి బొంబాయి రోడ్డు పట్టుకొని నడిచి వచ్చేవాళ్లకు కూడా అదే టైము. ఆలస్యమైతే పిక్కల మీద బరికె.

మాది మొరం నేల. పడితే మోకాలి చర్మం నేలకంటుకునేది. నీళ్లు అడిగితే ఇచ్చేవాడు కాదు. "ఆట నడుమల నీళ్లు తాగితే కాళ్లు బరువైతయ్ రా" అనేవాడు. ఎండాకాలం ఇద్దరు పిల్లలు కళ్లు తిరిగి పడిపోతే, మా ఊళ్లో ఒక్క తండ్రి నోరెత్తలేదు. ఎత్తకపోవడానికి కారణముంది. అదే సారు ఇంటినుంచి జొన్నరొట్టెలు, పప్పు మూటగట్టి తెచ్చి ఆటగాళ్లందరినీ వరసగా కూర్చోబెట్టి తినిపించేవాడు. ఎవరు ఎన్ని రొట్టెలు తింటున్నారో అడిగేవాడు కాదు. వచ్చిన రెండో ఏడే సంగారెడ్డిలో జిల్లా కప్పు గెలిపించాడు. కప్పును లారీ మీద పెట్టి ఊరంతా తిప్పారు. ఆయన దగ్గర ఆడినవాళ్లలో కొందరు తర్వాత కానిస్టేబుళ్లయ్యారు, ఒకరు రైల్వేలో చేరారు. పాలిచ్చే బర్రె తన్నినా పడాలంటారు గదా, మా ఊరు అట్లే పడింది. తన్నులు తిన్నది ఎవరి పిల్లలో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మా అన్న నాకంటే మూడేళ్లు పెద్ద. ఎడమకాలి ఆటగాడు. వాడి కాలికి బంతి తగిలిందంటే ఇక విడిచేది కాదు. చదువు మాత్రం అబ్బలేదు. పదో తరగతి రెండుసార్లు తప్పాడు, బడిలో పేరు కొట్టేశారు. ఆ వారమే సారు మా ఇంటికి వచ్చాడు. మాకు ఝరాసంగం దిక్కున కొంత మెట్టపొలం ఉండేది. కంది విత్తేటప్పుడు నాయిన ఇంటికి రావడమే అరుదు. ఆ రోజు దొరికాడు. సారు మంచం మీద కూర్చున్నాడు, నాయిన నిలబడ్డాడు.

"పెద్దోని పేరు కొట్టేసిన్రు గద, ఇగ ఆడనియ్యరు. చిన్నోడు తొమ్మిదిల ఉన్నడు. చిన్నోని పేరు మీద పెద్దోన్ని ఆడిపిస్త. జర ఒప్పుకోన్రి" అన్నాడు సారు.

"తప్పు గాదా సారూ?" అన్నాడు నాయిన.

"తప్పేముంది? ఇద్దరు మీ పిలగాండ్లే. పేరు ఇంట్లనే ఉంటది."

నాయిన ఒప్పుకున్నాడు. ఆయన్ని తిట్టడానికి కూడా నాకు మనసు రాదు. మా ఇద్దరి పుట్టిన తేదీలూ బడిలో చేర్చుకున్న పంతులు ముఖాలు చూసి రాసినవే. మా వాడలో సగంమంది ఒకే తారీకున పుట్టినట్టు రిజిస్టర్లో ఉంటుంది. బడి కాగితం మీద రాసేది నిజం కాదని, నిజం కానక్కరలేదని నాయినకు మొదటినుంచీ తెలుసు. తేదీ అబద్ధమైనప్పుడు పేరు అబద్ధమైతే మాత్రం ఏం పోయిందనుకున్నాడు. ఏం పోయిందో నేను చెప్తాను.

మరునాటి సాయంత్రం నుంచి మా ఇద్దరికీ కొత్త డ్రిల్ మొదలైంది. సారు మమ్మల్ని గోల్‌పోస్టు దగ్గర వీపు తిప్పి నిలబెట్టేవాడు. వెనకనుంచి నా పేరు పిలిచేవాడు. అన్న తిరగాలి, నేను తిరగకూడదు. తర్వాత అన్న పేరు పిలిచేవాడు. అప్పుడు ఎవరూ తిరగకూడదు. తన పేరు విని అన్న తిరిగితే పిక్క మీద బరికె. పోటీల్లో రిఫరీలు వెనకనుంచి పిలిచి చూస్తారట, అక్కడే దొంగపేర్లు దొరికిపోతాయట. పది రోజులు ఇదే. మొదట్లో నవ్వుకున్నాం. నాలుగో రోజుకు అన్న పిక్కలు వాచాయి. పదో రోజుకు అన్న పేరు పిలిస్తే అన్న కదలడం మానేశాడు. ఇంట్లో అమ్మ అన్నానికి నన్ను పిలిస్తే వాడు లేచేవాడు, నేను కూర్చునే ఉండేవాణ్ణి. "ఇద్దరికి దయ్యం వట్టిందా ఏంది" అని అమ్మ గంటె విసిరింది.

గొడ్డుకు కూడా పెట్టిన పేరు ఉంచుతాం. కప్పు కోసం ఒక పిల్లవాడి పేరును కొట్టి కొట్టి ఊడగొట్టాడు ఆయన.

రెండేళ్లు అన్న నా పేరుతో ఆడాడు. నా పేరు మోగిపోయింది. పక్క ఊళ్ల బళ్లలో పిల్లలు నా పేరు చెప్పుకునేవారట. సర్టిఫికెట్ వచ్చినప్పుడు ప్రార్థన దగ్గర హెడ్‌మాస్టరు నా పేరు చదివాడు. అన్న బడి పిల్లవాడు కాదు గనక లోపలికి రానివ్వలేదు. నేను పోయి తీసుకున్నాను. బడంతా చప్పట్లు కొట్టింది. అన్న కాంపౌండు గోడ అవతల రాయి మీద నిలబడి వాడూ కొట్టాడు. ఇంకా సిగ్గుమాలిన సంగతి ఏమిటంటే, ఆ చప్పట్లు నాకు నచ్చాయి.

రెండో ఏటి పోటీల్లో ఫైనల్‌కు ముందు రోజు అన్న ఎడమ మోకాలు వాచింది. మేకపోతు తలంత వాచిందని తోటి ఆటగాళ్లు చెప్పారు. తెల్లారి సారు గుడ్డపీలికలతో బిగించి కట్టి, "ఇయ్యాల ఆడు, రేపటినుంచి పండుకుందువు" అన్నాడట. అన్న ఆడాడు. రెండు గోల్స్ కొట్టాడు. రెండోది కొట్టి పడ్డవాడు మళ్లీ లేవలేదు. కప్పుతో పాటు అన్నను కూడా అదే లారీలో తెచ్చారు. కప్పు ఊరేగింపుకు పోయింది, అన్నను మా వాకిట్లో దించారు.

దవాఖానకు తీసుకుపోదామన్నాడు నాయిన. సారు అడ్డంగా తల ఊపాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను, నా చెవులతో విన్నాను.

"దవాఖానల చీటీ రాస్తరు. చీటీల ఏ పేరు రాపిస్తరు? చిన్నోని పేరు రాపిస్తే, గా చిన్నోడు రేపు బడికి నడుసుకుంట వస్తడు. పెద్దోని పేరు రాపిస్తే, గీడు ఎట్ల ఆడిండని అడుగుతరు. కప్పు గుంజుకుంటరు. ఫికర్ జేయకున్రి, న్యాల్‌కల్ అవుతల మంచి కట్టు కట్టేటాయన ఉన్నడు."

ఆ కట్టు కట్టేటాయన వెదురు బద్దలు, కోడిగుడ్డు సొన పెట్టి బిగించాడు. అన్న అరుపులు ఆపుకోవడానికి తువ్వాలు కొరికాడు. పెద్ద దవాఖానలో డాక్టరుకు చూపించి ఉంటే ఏమయ్యేదో నేను ఖచ్చితంగా చెప్పలేను. చూపించలేదన్నది మాత్రం ఖచ్చితం. చూపించకపోవడానికి కారణం నా పేరు.

అన్న ఆ బద్దలతో మంచం మీద ఉండగానే పైనుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఓడిపోయిన బడివాళ్లు అర్జీ పెట్టారట, పెద్దపిల్లల్ని ఆడించారని. సారు ముందే ఆటగాళ్లందరినీ పిలిచి ఏం చెప్పాలో చెప్పాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అందరం చొక్కాలు సర్దుకుంటూ ఆఫీసు గదిలో నిలబడ్డాం. ఆఫీసరు నన్ను ముందుకు పిలిచాడు.

"సెంటర్ ఫార్వర్డ్ నువ్వేనా?"

"నేనే సార్."

"ఏ కాలితో కొడతావు?"

"కుడికాలితో సార్."

గదిలో పదిమంది ఆటగాళ్లున్నారు. నా పేరు మీద పడ్డ ప్రతి గోల్ ఎడమకాలితో కొట్టిందని పదిమందికీ తెలుసు. ఒక్కడు కిక్కురుమనలేదు. ఆఫీసరు రాసుకొని, టీ తాగి, బస్సెక్కాడు. ఆ రోజు నేను ఒక్క మాట నిజం చెప్పి ఉంటే కప్పు పోయేది, సారు కొలువుకు చిక్కు వచ్చేది, అన్న తన పేరుతో దవాఖాన మెట్లు ఎక్కేవాడు. మూడూ నాకు తెలుసు. సారు బరికెకు భయపడ్డాను, ఉత్తమ ఆటగాణ్ణన్న పేరు పోతుందని అంతకంటే ఎక్కువ భయపడ్డాను.

బద్దలు విప్పాక అన్న కాలు పూర్తిగా చాచుకోలేదు. కానిస్టేబుల్ భర్తీకి పోతే నడక చూసే వెనక్కి పంపారు. ఎప్పుడైనా ఏదైనా ఆట ఆడావా అని అడిగారట. లేదు సార్ అన్నాడట. ఏం చూపిస్తాడు? నాకు మాత్రం ఆటల కోటాలో సర్కారు ఆఫీసులో గుమాస్తా కొలువు వచ్చింది. అన్న బొంబాయి రోడ్డు మీద టైర్ల దుకాణంలో పనికి కుదిరాడు, కూర్చొని చేసే పని. లారీవాళ్లకు నన్ను చూపించి, "మా తమ్ముడు, జిల్లాల ఫస్ట్ ప్లేయర్" అని చెప్పేవాడు. చెప్పొద్దని నేను ఎన్నిసార్లు అరిచినా వినలేదు.

ఎనభైల చివర సారు రిటైరయ్యాడు. గ్రౌండులోనే షామియానా వేసి సన్మానం పెట్టారు. పాత ఆటగాళ్ల తరఫున మాట్లాడమని నాకు కబురొచ్చింది. ఈసారి చెప్పి తీరాలనుకున్నాను. ఆఫీసుకు సెలవు పెట్టాను. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకొని నాతో వచ్చాడు, చివరి వరసలో కూర్చున్నాడు.

మైకు ముందు నిలబడి, "నేను ఒక్క రోజు కూడా ఆడలేదు. నా పేరు మీద ఉన్న గోల్స్ అన్నీ మా అన్నవి" అన్నాను. జనం నవ్వారు, ఆ వెంటనే చప్పట్లు. సభ నడిపిస్తున్నాయన మైకు లాక్కొని, "చూసిన్రా, ఎంత పెద్ద మనసు! సొంత గొప్ప అన్నకు ఇచ్చిండు. గిసోంటి సంస్కారం సారు నేర్పిందే" అన్నాడు. నా భుజాల మీద శాలువా వేశారు. మోకాలి సంగతి నా నోట్లోనే ఉండిపోయింది. అంత మంట నాకు ఎప్పుడూ పుట్టలేదు. అబద్ధం చెబితే నమ్మిన ఊరు, నిజం చెబితే నమ్మలేదు.

అప్పటికే అన్న కాలీడ్చుకుంటూ వేదిక ఎక్కుతున్నాడు. వంగి సారు కాళ్లు మొక్కాడు. సారు నిజంగానే సంబరపడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నను లేపి గుండెకు హత్తుకొని, "నా సెంటర్ ఫార్వర్డ్! రా బిడ్డా, రా" అంటూ నా పేరు పిలిచాడు. ఆ పేరుతో శాలువా కప్పుకొని నేను పక్కనే నిలబడి ఉన్నాను.

నేను ఆగలేకపోయాను. "సారూ, మా అన్న పేరేంది?" అన్నాను.

సారు నా వైపు చూశాడు. అన్న వైపు చూశాడు. ఎవరైనా అందిస్తారేమోనని సభ నడిపిస్తున్నాయన వైపు చూశాడు. నటిస్తున్నాడేమోనని ముఖంలోకి తేరిపార చూశాను. నటన కాదు. ఆయనకు నిజంగా తెలియదు. రెండేళ్లు రొట్టె పెట్టి, బరికెతో కొట్టి, కాలు తీసుకున్న పిల్లవాడి పేరు ఆయనకు గుర్తు లేదు. వేదిక మీద అందరూ చూస్తున్నారు. ఆ మనిషి ఆ నాలుగు క్షణాలైనా అట్లా నిలబడనీ అనుకున్నాను.

అన్న నిలబడనివ్వలేదు. నా చెయ్యి పట్టి వెనక్కి లాగి, సారు ముందు తల వంచి, "మీరు పిలిచిందే సారూ నా పేరు" అన్నాడు.

సారు హమ్మయ్య అన్నట్టు నవ్వి, అన్న భుజం తట్టాడు.