పక్క సాలు

మా ఎదురింటి అత్త నరసరావుపేట చుట్టుపక్కల మిరపకాయ కోతలకు ఆడకూలీలను తీసుకెళ్లే మేస్త్రీ. పనిలో బద్ధకించేవాళ్లను ఇంటికి పంపేది కాదు. తన పక్క సాలులో నిలబెట్టి, పొద్దుగూకేదాకా కేకలేస్తూ కోయించేది. కోత బాగా సాగితే తనే టీ పోయించేది.

ఆమె రొమ్ము క్యాన్సర్ మెదడుకు పాకిందని తెలిసిన రోజు ఆస్పత్రికి తోడు వెళ్లింది నేనే. డాక్టరుగారు ఓపికగా చెప్పారు. మెదడులో కాపలా కణాలుంటాయట. అవి క్యాన్సర్‌ను చంపగలవు. ఒక్కోసారి మాత్రం దానికే లొంగిపోయి, అది పెరగడానికి సాయం చేస్తాయి. వాటిని మళ్లీ మనవైపు తిప్పే మందుల కోసం పరిశోధనలు జరుగుతున్నాయట.

అత్త వెంటనే, “కంచే చేను మేస్తందన్నమాట. అట్టని కంచె పీకెయ్యమాకండి సారూ. నా పక్క సాల్లో పెట్టండి, నేను చూసుకుంటా” అంది.

ఇక రేడియేషన్‌కు వెళ్లే బస్సులో రోజూ కణత మీద వేలితో కొట్టుకుంటూ, “ఏమే, నిద్రపోతన్నారా? వంగండి, కొయ్యండి!” అని ఒకటే కేకలు. ఓసారి ముందు సీట్లో కునుకుతున్న ఆవిడ ఉలిక్కిపడి లేచి నిలబడింది.

కొన్ని నెలలకు స్కానింగ్‌లో గడ్డలు బాగా తగ్గాయి.

“రేడియేషన్ పనిచేసిందమ్మా” అన్నారు డాక్టరుగారు.

“మీరు చేశారు, కాదన్ను. మావోళ్లూ చేశారు” అంది అత్త.

బయటికొచ్చి మూడు టీలు చెప్పింది.

“మనం ఇద్దరమేగా అత్తా?” అన్నాను.

మూడో గ్లాసూ తనే అందుకుని, కణతను మెల్లగా నిమిరింది.

“ఇది వీళ్లకి. చానా కోశారు.”