బోరులో రాయి పడిన చప్పుడు

మా పాప ఫోనులో చేస్తున్న బొమ్మల సినిమాలో ఒక కప్ప బావిలోకి దూకుతుంది. ఆ చప్పుడు రికార్డు చేయాలని ఈరోజు ఫ్యాను ఆపి, బిందెలో నీళ్లు పోసుకుని కూర్చున్నాం. రాయి వేసిన ప్రతిసారీ వీధిలో ఏదో ఒక ఆటో మోత. విసుగొచ్చి, "రవ్వంతసేపు అందరూ గమ్మునుండండప్పా" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది. అది మా నాయన మాట.

మన వైపు బోర్లు ఎండిన వేసవులు మీకూ గుర్తుండే ఉంటాయి. మోటారు పైకి లాగేసి, నీళ్లు ఊరాయేమోనని నాయన రోజూ పొద్దున్నే బోరు పైపులోకి గులకరాయి వదిలేవాడు. మేమంతా చుట్టూ నిలబడి చెవులు రిక్కించేవాళ్లం. అమ్మ గాజులు కదలకుండా పట్టుకునేది. లోపల డుబుక్కుమంటే, "ఉండాది" అని నాయన లేచేవాడు.

ఒకరోజు అడుగున టక్కుమంది. ఇంకో రాయి వేశాడు. మళ్లీ అదే.

"మీరు మాట్లాడతాండారు, నాకు సరిగ్గా ఇనపల్యా" అన్నాడు నాయన.

మేం నోరు తెరిస్తే ఒట్టు. అమ్మ మా వైపు చూడకుండానే, "అవును, పిల్లోల్లే మాట్లాడినారు. ఇంగోటి వేయి" అంది.