ఇనుపయ్య లోపలి మనిషి

జడ్సన్ రాసిన నాటకం యాభై రెండు పేజీలు. దోహా తెలుగు సంఘం వాళ్ళు దాన్ని కోసి కోసి పంతొమ్మిది పేజీలకు తెచ్చారు. ఆ పంతొమ్మిదిలోనూ పన్నెండు పేజీల నిండా ఒకటే సంగతి. ఇనుపయ్య కొడతాడు, కొమ్ములయ్య కొడతాడు, మళ్ళీ ఇనుపయ్య కొడతాడు. ఆరు నెలలు కూర్చుని మనుషుల కథ రాసినవాడికి ఒళ్ళు మండదా మరి?

జడ్సన్‌ది పాలకొల్లు. ఎనభై నాలుగులో ఖతార్ వచ్చి, ఒక కట్టుబడి కంపెనీ ఆఫీసులో టైపిస్టుగా కుదిరాడు. పగలంతా ఇంజనీర్ల తప్పుల ఇంగ్లీషును దిద్ది కొట్టడం, సాయంత్రం అల్ సద్‌లోని రెండు గదుల ఫ్లాటుకు చేరి తెలుగులో నాటకాలు రాయడం అతని జీవితం. మనిషి పొట్టి, కోపం పొడుగు. భార్య దేవకుమారి అక్కడే ఒక క్లినిక్‌లో నర్సు. ఆయన కోపాన్ని ఆవిడ జ్వరం చూసినట్టు చూస్తుంది. పెరిగితే మజ్జిగ ఇస్తుంది, తగ్గితే తన పని చూసుకుంటుంది.

సంఘం ఉగాదికి వేసే నాటకాల్లో ఇనుపయ్య అనే మరమనిషి ఉంటాడు. ఎనభై తొమ్మిదిలో మొదటిసారి వేసినప్పుడు వాడు అట్టపెట్టెలతో చేసిన ఐదున్నర అడుగుల వాడు. కథలో ఓ మూల నిలబడి, అడిగినదానికి జవాబు చెప్పేవాడు. జనానికి తెగ నచ్చాడు. తొంభై నాలుగులో వేసిన రెండో భాగంలో ఏడడుగులయ్యాడు. మూడో భాగంలో రేకు తొడిగారు. నాలుగో భాగం వచ్చేసరికి వాడు స్టేజీ మీద నలభై నిమిషాలున్నాడు, మనుషులకు మాత్రం రెండే డైలాగులు దక్కాయి. అందులో ఒకటి "పరిగెత్తండి!"

తొంభై ఏడులో సంఘం ప్రెసిడెంటు శ్రీరామమూర్తి గారు, బందరు ఇంజనీరు, మీటింగులో లేచి అన్నాడు. "పాత నాలుగు భాగాలూ మర్చిపోదామండీ. లేవనుకుందాం. కథ మళ్ళీ మొదటి నించి మొదలెడదాం. ఈసారి మనుషుల కథే ముందు. జడ్సన్ గారూ, మీ ఇష్టం, మీరు రాసెయ్యండి."

జడ్సన్ ఆ మాట నమ్మాడు. పదమూడేళ్ళు సంఘంలో ఉండి కూడా నమ్మాడంటే, ఎవర్ని అనాలి?

కథ బాగానే కుదిరింది. షెడ్డులో పనిచేసే ఒక మెకానిక్ తన కూతురు కోసం మరమనిషిని తయారుచేస్తాడు. ఊరంతా వచ్చి మరమనిషిని చూస్తుంది, చేసినవాణ్ణి ఎవరూ చూడరు. చివరికి కూతురు కూడా బొమ్మతోనే మాట్లాడుతుంటే తండ్రి వచ్చి ఎదురుగా నిలబడి, ఇన్నాళ్ళూ దాని లోపల ఉన్నది తనేనని చెబుతాడు. ఆ ఆఖరి రంగం రాసిన రోజు జడ్సన్ భోజనం మర్చిపోయాడు.

కొత్త కథ సంగతి తెలిసి, ఓ శుక్రవారం పొద్దున హన్మాండ్లు ఫ్లాటుకు వచ్చాడు. ఆర్మూరు దగ్గర పల్లె అతనిది. జడ్సన్ కంపెనీ సైటులోనే పైపులతో పరంజా కట్టే పని. సన్నటి పైపు మీద ఎత్తున నడిచినా కాలు వణకదు. మూడు భాగాలుగా ఇనుపయ్య లోపల ఉన్నది అతనే. చెప్పులు బయట విడిచి, కుర్చీ ఉన్నా గోడవారనే నిలబడ్డాడు.

"సార్, ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యొద్దు. ఈపారి నాకు డబ్బాల గాకుండ మనిషి ఏషం ఇయ్యరాదు."

"ఎందుకయ్యా? ఇనుపయ్య అంటే నువ్వే కదా."

"గదే సార్ బాధ. కేసెట్ ఇంటికి పంపుతున్నం గదా. మా వాడకట్టు మొత్తం కూసొని చూస్తరు, దుబాయ్ నాటకం అనుకుంట. మా బిడ్డ శోభ గూడ చూస్తది. మూడేండ్ల సంది నన్ను ఎతుకుతుంది. గా డబ్బాల ఉన్నది మీ బాపే అని గంగామణి చెప్తే నమ్మదట. డబ్బాల మనిషెట్లుంటడు అంటదట." అతను నవ్వబోయి ఆగిపోయాడు. "నేనొచ్చినప్పుడు దానికి రెండేండ్లు. ఇప్పుడు ఏడు. ఒక్కసారి నా మొఖం పడాలె సార్. గంతే."

ఐదేళ్ళలో రెండుసార్లు అతనికి లీవు వచ్చింది. ఒకసారి సైటు అప్పగించాలని కంపెనీ ఆపింది, ఒకసారి ఇల్లు సగంలో ఉందని తనే ఆగిపోయాడు. మెకానిక్ తండ్రి వేషం నీదే పో, అని జడ్సన్ మాట ఇచ్చేశాడు. మాట ఇవ్వడానికి ఎంతసేపు!

కొత్త ఇనుపయ్య తయారయ్యాక అసలు తలనొప్పి మొదలైంది. పది అడుగుల ఎత్తు, అల్యూమినియం పైపుల చట్రం, దాని మీద ఏసీ డక్టుల రేకు, కింద రెండడుగుల కర్రకాళ్ళు. దాన్ని తగిలించుకుని నడవడానికి ముగ్గుర్ని ప్రయత్నించారు. ముగ్గురూ పడ్డారు. మూడోవాడి మోకాలికి దేవకుమారి కట్టుకట్టింది. హన్మాండ్లు ఎక్కాడు, నడిచాడు, తిరిగాడు, చెయ్యి కూడా ఊపాడు. శ్రీరామమూర్తి గారు చప్పట్లు కొట్టి, ఇంకేం, ఇనుపయ్య ఇతనే అన్నాడు.

"తండ్రి వేషం కూడా ఇతనిదేనండీ" అన్నాడు జడ్సన్.

"రెండూ వెయ్యనివ్వండి. ఎవరు కాదన్నారు?"

అలా ఒకే మనిషి నెత్తిన ఇద్దరు పడ్డారు. యుద్ధం అయ్యాక తెర వెనక హన్మాండ్లు డబ్బా విప్పుకుని, చొక్కా మార్చుకుని తండ్రిగా రావాలి. అందుకు పది నిమిషాలు కావాలి. ఆ పది నిమిషాల కోసమే జడ్సన్ దేవకుమారికి ఒక అమ్మమ్మ వేషం రాశాడు. అమ్మమ్మ స్టేజీ మీద కూర్చుని మనవరాలి జడ వేస్తూ మాట్లాడుతుంది. మంచి రంగం. దేవకుమారి ఆసుపత్రి పనితో పాటు దాన్ని కంఠతా పట్టింది.

ఇంతలో అల్ ఖోర్ నుంచి ఫోన్. అక్కడి సైటులో ఉన్న మనవాళ్ళు యాభై మంది బస్సు వేసుకుని వస్తారట. కానీ వాళ్ళకూ ఒక మరమనిషి కావాలట. దోహా వాళ్ళకొకటి ఉండి తమకు లేకపోవడం ఏం మర్యాద? తామే చేసుకుని తెస్తారట. పేరు కూడా పెట్టేశారు, కొమ్ములయ్య. లోపల ఉండేది సురేందర్ అనే క్రేన్ ఆపరేటరు.

"కథలో కొమ్ములయ్య ఎక్కడున్నాడండీ?" జడ్సన్ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"రాసెయ్యండి, ఎంతసేపు? ఇద్దరూ కొట్టుకుంటారు. జనం ఊగిపోతారు" అన్నాడు శ్రీరామమూర్తి గారు.

"మనుషుల కథే ముందన్నారు కదండీ మీరు!"

"ఇప్పటికీ ముందేనండీ. యుద్ధానికి ముందు ఉంటుంది."

అప్పట్నించీ వారానికి నాలుగు పేజీలు ఎగిరిపోయాయి. పెళ్ళిచూపుల రంగం పోయింది. షెడ్డు ఓనరు పోయాడు. ఊరి జనం పోయారు. ఉగాదికి పది రోజుల ముందు అమ్మమ్మ కూడా పోయింది. హాలు ఐదింటికల్లా ఖాళీ చెయ్యాలి, కుట్టుకుంటూ కూర్చునే రంగాలకు టైము లేదన్నారు. కుట్టడం కాదు, జడ వెయ్యడం. అదైనా సరిగ్గా చదివారా!

జడ్సన్ ఇంటికి వచ్చి కాగితాలు బల్ల మీద గిరాటేశాడు. "నీ రంగం తీసేశారు. నాకు సిగ్గుగా ఉంది."

దేవకుమారి మజ్జిగ గ్లాసు పెట్టింది. "నా సంగతి వదిలెయ్యండి. నేను రోజూ అద్దంలో కనపడతానే ఉన్నాను. ఆ హన్మాండ్లు డబ్బా ఎప్పుడు విప్పుకుంటాడు?"

జడ్సన్ మళ్ళీ కాగితాలు ముందేసుకున్నాడు. యుద్ధం పదిహేను నిమిషాల్లో ముగించి, పాట ఒకటి పెట్టి, ఆ పాటలో మార్చుకోవచ్చని హన్మాండ్లుకు చెప్పాడు. హన్మాండ్లు తలూపాడు. అతను ఎప్పుడూ తలే ఊపుతాడు.

ఉగాది తరవాత వచ్చిన శుక్రవారం, ఒక స్కూలు హాల్లో మధ్యాహ్నం మూడింటికి నాటకం మొదలైంది. జనం గోడలకు కూడా ఆనుకుని నిలబడ్డారు. వీడియో తీసేది నెల్లూరు మస్తాన్. తండ్రి రంగంలో కెమెరా ముఖం మీదే పెట్టమని జడ్సన్ అతనికి మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి చెబితే తన్నేలా చూశాడు.

నాలుగుంబావుకి యుద్ధం మొదలైంది. రాసుకున్నదాని ప్రకారం కొమ్ములయ్య మూడో దెబ్బకు పడిపోవాలి. ఇనుపయ్య మూడు దెబ్బలూ కొట్టాడు. కొమ్ములయ్య పడలేదు. నాలుగో దెబ్బ. ఐదు. కొమ్ములయ్యే తిరిగి రెండిచ్చాడు. అల్ ఖోర్ బస్సు మొత్తం లేచి ఈలలు వేసింది. రేకుల చప్పుడుకు ముందువరస పిల్లలు చెవులు మూసుకున్నారు.

స్టేజీ పక్కన నిలబడ్డ జడ్సన్‌కు లోపలి గొంతులు వినబడుతూనే ఉన్నాయి.

"పడరా బై, టైం అయితుంది!" అది హన్మాండ్లు.

"నేనెందుకు పడాలె? కేసెట్ మా ఊర్ల గూడ చూస్తరు. మా తమ్ముండ్లు నవ్వరా?"

"నాటకంల గట్లనే రాసిండ్రు గదరా!"

"నాటకం మీ దోహోళ్ళు రాసిండ్రు."

నాలుగున్నర. నాలుగూ నలభై. శ్రీరామమూర్తి గారు ముందువరసలోంచి ఇంకా కానివ్వండి అన్నట్టు చేతులు ఊపుతున్నాడు. జడ్సన్ తల ప్రాణం తోకకొచ్చింది. ఆరు నెలల కథ ఈ రెండు డబ్బాల మధ్య నలిగిపోయిందన్న బాధ ఒకటి, ఇచ్చిన మాట పోతోందన్న బాధ ఇంకొకటి. రెండోదే ఎక్కువ మండింది. లైట్లు కట్టడానికి వాడిన నిచ్చెన ఒకటి గోడకు ఆనించి ఉంది. దాన్ని భుజాన వేసుకుని, డబ్బా విప్పడానికి ఉంచిన స్పానరు పట్టుకుని, కోపంగా స్టేజీ ఎక్కేశాడు. జనం ఇదీ నాటకంలోదే అనుకుని చప్పట్లు కొట్టారు.

ముందు కొమ్ములయ్య దగ్గరికి వెళ్ళాడు. "సురేందర్, ఇప్పుడు పడిపో. పడితే నీ తల కూడా విప్పిస్తాను. నీ మొహం కెమెరాలో పడుద్ది."

కొమ్ములయ్య అక్కడికక్కడే దబ్బున కూలిపోయాడు.

జడ్సన్ నిచ్చెన ఇనుపయ్య ముందు వేసుకుని ఎక్కాడు. మెడ దగ్గర నాలుగు బోల్టులు. చెమట చేతులకు స్పానరు జారుతోంది. వెనకనుంచి ఎవరో, ఏయ్, తల తియ్యొద్దు, ఇనుపయ్య తల తియ్యొద్దు అని అరుస్తున్నారు. "సార్, టైం ఉన్నదా?" లోపల్నించి హన్మాండ్లు అడుగుతున్నాడు. "ఉంది, నోరు మూసుకో" అన్నాడు జడ్సన్. నాలుగో బోల్టు వచ్చింది. తల తీసి కింద పడేసి, మస్తాన్ వైపు తిరిగి అరిచాడు. "మనిషి మీద పెట్టవయ్యా బాబూ, మనిషి మీద!"

ఇనుప భుజాల మధ్య హన్మాండ్లు ముఖం. చెమటకు తడిసిపోయి, దుమ్ము అంటుకుని, వెలుతురుకు కళ్ళు చిట్లించి ఉంది. డైలాగు మర్చిపోయాడేమో అని జడ్సన్ అందించబోయాడు. మర్చిపోలేదు.

"బిడ్డా, గీ ఇనుపయ్యను నేనే చేసిన. లోపల ఎవ్వరు లేరనుకున్నవా? నేనే ఉన్న. మొదటిసంది నేనే ఉన్న."

అది జడ్సన్ రాసిన మాటే, హన్మాండ్లు యాసలో. ఆ ఒక్క నిమిషం ఈలలు ఆగాయి, ముందువరస పిల్లలు చెవుల మీంచి చేతులు తీశారు. తరవాత స్కూలు వాచ్‌మన్ ఐదైందని "ఖలాస్, యల్లా, ఖలాస్" అంటూ అందర్నీ బయటికి తోలుతూ వచ్చి లైట్లు ఆర్పేశాడు. సురేందర్ డబ్బా తల ఎవరూ విప్పలేదు. అతను ఇవాళ్టికీ జడ్సన్‌తో మాట్లాడడు.

కేసెట్టుకు కాపీలు తీశారు. లీవు మీద వెళ్ళేవాళ్ళ పెట్టెల్లో అవి ఊళ్ళకు చేరాయి. మస్తాన్ చెప్పినట్టే తీశాడు. ఆ నిమిషమంతా తెర నిండా హన్మాండ్లు ముఖమే ఉంది. జడ్సన్ స్వయంగా రెండుసార్లు చూసుకున్నాడు. పంతొమ్మిది పేజీలైతే అయ్యాయి, ఆ ఒక్క నిమిషం తనదే అనుకున్నాడు.

జూన్ నెలలో ఓ శుక్రవారం, భోజనాల వేళకు హన్మాండ్లు వచ్చాడు. చేతిలో ఇంటి నుంచి వచ్చిన ఆడియో కేసెట్టు. ఉత్తరం రాయడం రాని గంగామణి మాటలన్నీ టేపులో చెప్పి పంపుతుంది. "నేనింక ఇనలే సార్. మీ తోటే ఇందమని తెచ్చిన. అంత మీ పుణ్యమే గదా."

దేవకుమారి టేపురికార్డరు తెచ్చి బల్ల మీద పెట్టింది. ముందు గంగామణి గొంతు, వానలూ బర్రే చుట్టాలూ. తరవాత గుసగుసగా, మాట్లాడవే, మీ బాపుతోటి మాట్లాడు అని వినబడింది. ఆపైన చిన్న గొంతు.

"బాపూ, ఇనుపయ్య మస్తుగున్నడు. కొమ్ములయ్యను పడగొట్టిండు. మల్ల ఇనుపయ్య మెడల నుంచి ఒక ముసలాయన ఒచ్చిండు. అమ్మ గాయిననే మీ బాపు అంటుంది. కాదు గదా? మా ఫోటోల బాపుకు నల్లగ ఎంటికెలున్నయి. నువ్వు ఏ కేసెట్ల ఉన్నవో అది పంపియ్యి."

హన్మాండ్లుకు ముప్పై ఆరేళ్ళు. జడ్సన్ అతని ముఖంలోకి అప్పుడు చూశాడు, నాటకం కోసం కాకుండా మొదటిసారి. చెంపలు లోపలికి పోయాయి. చెవుల పైన జుట్టు తెల్లబడింది. ఎండకు నుదురు ముడతలు పడింది. ఇన్నాళ్ళూ ఆ ముఖం కనపడాలనే కొట్లాడాడు కానీ, అది ఎలా ఉందో తను చూడలేదు.

"లైట్లు సరిగా లేవయ్యా ఆ రోజు. దుమ్ము కూడా..." అని మొదలుపెట్టాడు. దేవకుమారి వద్దన్నట్టు చూసింది. హన్మాండ్లు కాసేపు నవ్వాడు, తరవాత తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. దేవకుమారి అన్నం వడ్డిస్తే తిన్నాడు, పెరుగు కూడా వేయించుకున్నాడు.

మర్నాడు డ్యూటీ మొదలు కాకముందే హన్మాండ్లు ఆఫీసులో జడ్సన్ బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"సార్, లీవ్ కాయితం కొట్టు."

"ఆగస్టు పదిహేనుకి మళ్ళీ ఇనుపయ్య అంటున్నారు శ్రీరామమూర్తి గారు. తెలుసా?"

"ఎవలన్న మొయ్యనీ. మొయ్యకుంటె పండవెట్టుకోనీ."

జడ్సన్ మెషీన్‌లో కాగితం ఎక్కించాడు. పేరు కొట్టాడు, నంబరు కొట్టాడు.

"ఎన్ని రోజులు?"

"బిడ్డ గుర్తువట్టేదాంక సార్."

కంపెనీ రూలు ప్రకారం ఎక్కువలో ఎక్కువ అరవై రోజులు. జడ్సన్ అరవై అని కొట్టాడు.