ఎంగిలి వేడినీళ్లు

ఎనభైల మొదట్లో నంద్యాలలో మా వీధి మొదట్లోనే ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. దాని బాయిలర్ రోజూ కాలవలోకి వదిలేసే వేడినీళ్లు పట్టుకుంటే, నా అంచనాలో, అవుకు రిజర్వాయరంత టీ కాచి జిల్లాకంతా పోయొచ్చు. అదే వీధిలో తొమ్మిదిళ్ల ఆడవాళ్లు తెల్లారితే పత్తికట్టె మంట పెట్టి స్నానాలకు నీళ్లు కాచేవారు. ఆ పొగ చూసి పాణ్యం స్టేషన్లో రైలు, తనకన్నా పెద్ద రైలేదో వస్తోందని పక్కకు తప్పుకునేది.

పొగ గురించి నేనిలా కోతలు కోస్తుంటే నా భార్య దగ్గేది. ఆమెకు ఉబ్బసం. "చన్నీళ్లు తగలకూడదు, పొగ అసలే తగలకూడదు" అన్నాడు డాక్టరు. పొగ లేకుండా నీళ్లు కాగే ఇల్లెక్కడుందో ఆయనా చెప్పలేదు. గ్యాసు సిలిండరుకు పేరు రాయించినవాళ్లు మనవళ్ల పెళ్లికైనా వస్తుందని ఆశపడే కాలం.

అందుకని ప్లాను వేశాను. మిల్లు నుంచి ఒకే పైపు, తొమ్మిదిళ్లకూ వేడినీళ్లు. "తీసుకపోండప్పా, పారబోసేవే గదా" అని మిల్లు ఆసామి తన షెడ్డులోని పాత పైపులు కూడా ఇచ్చేశాడు. నేను గీసిన బొమ్మ పరిస్తే సున్నిపెంట దాకా పోయేది. అంత బొమ్మ శ్రీశైలం డ్యాముకైనా గీసుండరు.

"ఏమప్పా, పైపు గీస్తాండావా, రైలు పట్టాలు గీస్తాండావా?" అంది ఆమె, గడప మీద కూర్చుని.

"నీ కోసమే."

"అయితే బేగా గీయ్. ఈడ ఊపిరి అయిపోతాంది."

పైపు ఒక ఇంటి మీదుగా ఇంకో ఇంటికి పోవాలి. మొదటి సమావేశంలోనే కిరాణా కొట్టు శెట్టి లేచాడు. "ముందు మా ఇంటికే రావల్ల. ఇంగొకరింట్లో తిరిగొచ్చిన నీళ్లు ఎంగిలి గాదూ?"

"నీ కొట్లో కందిబేడల్లో ఊరంతా చేతులు పెడతాండారు గదన్నా, అవి ఎంగిలి గావా?" అంది పక్కింటి టీచరమ్మ. అందరూ నవ్వారు. నవ్వాక, ముందు తన ఇంటికే కావాలని ఆమె కూడా అంది.

నా ఇల్లు వీధి కొసన, తొమ్మిదోది. న్యాయంగా చివర రావాలి. "ప్లాను నాది. పైపు ముందు నా ఇంటికొచ్చి, అప్పుడు వెనక్కి తిరగల్ల" అన్నాను.

అలా నాలుగు నెలలు. చలి ముదిరింది. పొయ్యి ముందు కూర్చునే పనైనా తప్పుతుందని ఆమెను ఆళ్లగడ్డలో పుట్టింటికి పంపాను. అక్కడా పత్తికట్టెలే. కార్డు రాసింది: "మనిల్లు కడాకే ఉండనీ. ఎంగిలివైనా కాగిన నీళ్లే గదా. సరే అని చెప్పి, వచ్చి నన్ను పిల్చకపో."

కార్డు చొక్కా జేబులో పెట్టుకుని సమావేశానికి వెళ్లాను. ఆ రోజూ వాదించాను. శెట్టి దిగివచ్చేట్టున్నాడు, ఇంకొక్కరోజు అనుకున్నాను.

నాలుగోనాడు పొద్దున ఆళ్లగడ్డ బస్సులో మా బావమరిది దిగాడు. "నీళ్లియ్యి బావా" అన్నాడు. చెంబు ఖాళీ చేసి కింద పెట్టాక చెప్పాడు.

కర్మ అయిన మరునాడు శెట్టి, టీచరమ్మ కలిసి వచ్చారు. శెట్టి తల వంచుకునే, "ముందు నీ ఇంటికే అప్పా. అందరం ఒప్పుకున్న్యాం" అన్నాడు. ఒక్కరూ కాదనలేదట.

"వద్దన్నా. కడాకే ఉండనీ" అన్నాను.

రెండు రోజుల్లో పైపు పడింది. రెండంటే రెండే. ఇందులో నేను పెంచి చెప్పింది ఏమీ లేదు.

ఎనిమిదిళ్లు తిరిగి మా ఇంటికొచ్చేసరికి నీళ్లు గోరువెచ్చగా ఉండేవి. రోజూ కొళాయి కింద చెయ్యి పెట్టి చూసేవాణ్ని. ఆమె అంతకన్నా వేడి ఎప్పుడూ అడగలేదు.