పన్నెండో నిలువు

మా అన్న భూమి బల్లపరుపుగా ఉంటుందని నమ్మేవాడు. ఊరికే నమ్మి ఊరుకునే మనిషి కాదు, దానికి కావలసిన ఆధారాలన్నీ కూడబెట్టుకున్నాడు. అతని లెక్కలో భూమి ఒక పెద్ద జొన్నరొట్టె. అది నీళ్ల మీద తేలుతుంటుంది. కాబట్టి ఎక్కడ తవ్వినా కింద నీళ్లు తగలక మానవు, తేడా అంతా లోతులోనే. ఇది తప్పని ఒప్పించడానికి నేను మూడు ఎండాకాలాలు నోరు నొప్పి పుట్టేలా వాదించాను. ఒప్పించాను కూడా. ఇన్నేళ్లయినా ఆ గెలుపు గుర్తొస్తే నాకు అన్నం సయించదు.

మాది పాన్‌గల్ గుట్టలకు దగ్గరలో ఒక చిన్న ఊరు. ఉన్నది రాళ్లు తేలిన చెల్క. వాన పడితే జొన్నలు, పడకపోతే దిక్కులు చూడడం. మా నాయన ఒక కరువు ఏడాది మట్టిపని గుంపు వెంట రాయచూరు దిక్కు పోయి తిరిగి రాలేదు. ఎక్కడ పోయాడో, ఎట్లా పోయాడో చెప్పిన మనిషి లేడు. అప్పుడు అన్నకు పదహారేళ్లు, నాకు నాలుగు. ఆ ఏడే అన్న నాగలి పట్టాడు. పట్టిన నాడే అమ్మతో ఒక మాట అన్నాడట.

"మన ఇంట్లకెల్లి ఇంకొకడు గుంపు ఎమ్మటి పోవద్దు. చెల్కల బాయి తవ్వుత."

బావి పడితే వాన కోసం కాచుకోనక్కర లేదు, ఊరు విడవనక్కర లేదు. అన్న బతుకంతా ఆ ఒక్క బావి మీదే పెట్టుకున్నాడు. పెళ్లయిన ఏడు మొదలుపెట్టి, పంట కోతలయ్యాక, తొలకరి పడేలోగా, ఏటా ఎండాకాలంలో తవ్వేవాడు. అతను లోపల తవ్వితే వదిన పైనుంచి గంప లాగేది.

నన్ను మాత్రం వనపర్తి బడికి పంపాడు. అక్కడ చదువంతా ఉర్దూలో. భూగోళం పాఠాన్ని జుగ్రాఫియా అనేవాళ్లం. మా మౌల్వీ సాబు బల్ల మీద రంగుల గోళం పెట్టి, వేలితో ఒక్క తిప్పు తిప్పాడు. ఆ పూట నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. మా ఊరు, మా గుట్టలు, కృష్ణ ఏరు అన్నీ దాని మీదే ఉన్నాయనీ, అది తిరుగుతూనే ఉందనీ వింటే కాళ్ల కింద నేల కొత్తగా అనిపించింది. సెలవులకు ఇంటికి పోగానే మూట కూడా దించకుండా చెల్కకు పరుగెత్తి, మూడు నిలువుల లోతున ఉన్న అన్నకు పైనుంచి కేకేసి చెప్పాను. మా దిక్కు బావి లోతును మనిషి నిలువుతో కొలుస్తారు.

"అన్నా! భూమి గుండ్రంగ ఉంటదంట!"

"ఉంటే ఉండనీ తమ్మీ. జర ఆ గంప లాగు."

వాదం అక్కడ మొదలైంది. అన్నకు అక్షరం ముక్క రాదు గానీ మాటకు మాట అందించడంలో ఎవరికీ తీసిపోడు. గుండు మీద నీళ్లు పోస్తే జారిపోతాయి గదా, మరి చెరువులో నీళ్లు ఎట్లా నిలుస్తున్నాయన్నాడు. భూమి చాలా పెద్దది, అందుకని మనకు తెలియదన్నాను. ఎంత పెద్దది, చూసినవాడెవడన్నాడు. చంద్రగ్రహణం నాడు చంద్రుడి మీద పడే నీడ భూమిదేననీ, అది గుండ్రంగా ఉంటుందనీ పుస్తకంలో ఉన్నదంతా అప్పజెప్పాను. అన్న వెంటనే అందుకున్నాడు.

"రొట్టె నీడ గుడ గుండ్రంగనే ఉంటది గద?"

ఒకరోజంతా మూతి ముడుచుకుని తిరిగాను. మర్నాడు పొద్దున తినడానికి కూర్చున్నప్పుడు తళుక్కున తోచింది. పళ్లెంలో రొట్టె తీసి, అంచు సూర్యుడికి ఎదురుగా ఉండేలా ఎండలో అడ్డంగా పట్టాను. నేల మీద సన్నటి గీత పడింది. "ఏ గ్రహణం నాడైనా గిట్ల గీత పడిందా? ఎప్పుడు సూసినా గుండ్రంగనే పడుతది. ఎందుకు?" అన్నాను. అన్న ఆ గీత వంక చాలాసేపు చూశాడు. తినే రొట్టెతో ఆటలేమిటని వదిన నా చెవి మెలిపెట్టింది. అన్న నవ్వాడు గానీ ఒప్పుకోలేదు.

రెండో ఎండాకాలం అతను నాకొక తాడు చూపించాడు. ఊళ్లో ఉన్న బావులన్నిటిలోకీ ఆ తాడు వదిలి, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో ముడులు వేసి పెట్టుకున్నాడు. ఏ బావి మెట్ట మీద ఉంది, ఏది పల్లంలో ఉంది తేల్చడానికి ఇత్తడి పళ్లెంలో నిండుగా నీళ్లు పోసి, అంచుకు కన్ను పెట్టి ఊరంతా చూశాడు. మెట్ట మీద బావిలో నీళ్లు లోతున, పల్లంలో బావిలో నీళ్లు పైన. లెక్క తీసేస్తే అన్ని బావుల నీళ్లూ ఇంచుమించు ఒక్క మట్టానికే వచ్చాయి. భూమి నీళ్ల మీద తేలకపోతే గిట్ల ఎందుకుంటదని అడిగాడు. మా చెల్క మెట్ట మీద ఉంది కాబట్టి సరిగ్గా పన్నెండో నిలువుకు నీళ్లు పడతాయన్నాడు.

నేను పగలబడి నవ్వాను. ఆ నవ్వు నాకిప్పటికీ వినిపిస్తుంది. అక్షరం రాని మనిషి ఒక్కడే ఎండలో తిరిగి, ఊరి కింద నీళ్ల మట్టం కనిపెట్టాడు. నేను చూసింది మాత్రం రొట్టెనే.

మూడో ఏడు బావి పది నిలువులు దాటింది. కింద నల్లరాయి పడింది. గడ్డపార దిగదు. రాతిపని వాళ్లను పిలిపించాడు. వాళ్లు రాయిని తొలిచి, మందు కూరి పేల్చేవారు. పొద్దున పేల్చడం, పొగ పోయాక దిగి ముక్కలు ఎత్తిపోయడం. ఆ ఎండల్లో అన్న చిక్కి సగమయ్యాడు, కళ్లు లోపలికి పోయాయి. అయినా హుషారుకేం తక్కువ లేదు. నేను సెలవులకు వచ్చిన నాడే రాతిపని వాళ్లతో, "మా తమ్ముడు గుండు మీద నిలబడి వచ్చిండు, జారిపడకుండ జర పట్టుకోండ్రి" అన్నాడు. వాళ్లు విరగబడి నవ్వారు. అన్న మాటలో ముద్దే తప్ప వెక్కిరింపు లేదు. కానీ పదహారేళ్ల పొగరు నాది. ఆ నవ్వు నా ఒంట్లో ముల్లులా ఉండిపోయింది.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం, అన్న బావిలోంచి పైకి వచ్చి కూర్చున్నాడు. ముఖం అదోలా ఉంది.

"తమ్మీ, కింద రాయి వెచ్చగ తగుల్తుంది. ఏందిర గట్ల?"

పొద్దున పేల్చిన మందు వేడి అది. నడినెత్తిన సూర్యుడు నేరుగా బావిలోకి దిగే వేళ కూడాను. నాకు ఆ రెండూ తట్టాయి. తట్టలేదని ఇక్కడ రాసుకుంటే ఎవరూ కాదనరు, కానీ తట్టాయి. అయినా పక్కన రాతిపని వాళ్లున్నారు. నాలుగు రోజుల నాటి నవ్వు ఉంది.

"నేను ముందే చెప్పలేదా? భూమి గుండ్రంగ ఉంటది, దాని కడుపుల నిప్పు ఉంటది. లోపలికి పోతున్నకొద్ది వేడి ఎక్కువైతది. పుస్తకంల ఉంది. నువ్వు నీళ్ల కోసం తవ్వుతలేవు అన్నా, నిప్పు కోసం తవ్వుతున్నవ్."

పుస్తకంలో ఉన్న మాట నిజమే. అయితే ఆ నిప్పుకు మా బావి పదకొండు నిలువులు ఒక లెక్క కాదు, గోళం మీద చీమ గీరినంత కూడా కాదు. అది నేను చెప్పలేదు. రాతిపని వాళ్లు ఈసారి నవ్వలేదు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ముసలాయన గునపం కడిగి పక్కన పెట్టాడు.

అన్న మూడు రోజులు బావి దిక్కు పోలేదు. నాలుగో రోజు నా పక్కన కూర్చుని, "రొట్టె అడ్డంగ పట్టినప్పుడు నీడ గీతే పడ్డది. అప్పుడే అనుకున్న. నువ్వు చెప్పిందే నిజం తమ్మీ" అన్నాడు. నేను గెలిచాను. గెలిచినందుకు ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువే తిన్నాను.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఎడ్లను పెబ్బేరు సంతకు తోలి అమ్మాక ఇంట్లో చేసే పని లేదు. చెల్కను పక్కచేను ఆసామికి కౌలుకిచ్చి, అన్న వదినను తీసుకుని మట్టిపని గుంపు వెంట పోయాడు. అమ్మ గడప మీద కూర్చుని వాళ్లకు సద్ది కట్టింది. అన్న నా తల నిమిరి, "నువ్వు మాత్రం సదువు ఇడవకు" అని పోయాడు.

మరుసటి ఎండాకాలం ఆ ఆసామి తన కొడుకులు ఖాళీగా ఉన్నారని వాళ్లను బావిలోకి దింపాడు. భూమి కడుపులో నిప్పుంటుందని వాళ్లకెవరూ చెప్పలేదు. పన్నెండో నిలువు సగానికి రాకముందే రాతి పగులులోంచి నీళ్లు ఉబికి వచ్చాయి. గంపలు, గునపాలు వదిలేసి పైకెక్కారట. నేను పోయి చూసేసరికి లోపల ఆకాశం కనిపిస్తోంది. ఊరంతా మూగి సంబరపడుతోంది.

ఆసామి మంచివాడు. "మీ అన్నను రమ్మను, పొలం ఆయనదే, ఇద్దరం నీళ్లు వాడుకుందాం" అన్నాడు. అమ్మ నా చేతిలో సద్దిమూట పెట్టి, "పోయి తోల్కరా" అంది.

గుంపు గద్వాల దగ్గర ఒక చెరువు కట్ట వేస్తోందని తెలిసింది. పెబ్బేరు దాకా నడిచి, కృష్ణను పుట్టిలో దాటి, మళ్లీ నడిచి రెండో రోజు మధ్యాహ్నానికి చేరాను. కూలీలు కట్ట నీడన సద్ది తింటున్నారు. అన్న నన్ను చూసి మట్టిచేతులతోనే లేచి వచ్చాడు. మనిషి ఇంకా నల్లబడ్డాడు. నన్ను అందరి మధ్యా కూర్చోబెట్టి, "జుగ్రాఫియా సదివినోడని చెప్తి గద, వీడే నా తమ్ముడు" అన్నాడు. వాళ్లంతా నన్ను గౌరవంగా చూశారు. ఒకాయన, "భూమి తిరుగుతదని మీ అన్న రోజు చెప్తడు, మేం తల తిరిగి పండుకుంటం" అన్నాడు. అన్న ఆ గుంపుకంతా నా పాఠమే చెబుతున్నాడు. రొట్టె నీడతో, మా బావి కింది నిప్పుతో సహా.

అన్నను కట్ట అవతలికి తీసుకుపోయి చెప్పాను. నీళ్లు పడ్డాయన్నాను. పన్నెండో నిలువు అన్నాను. ఊట అన్నాను.

"ఊట కాదురా. రాతి సందుల నిలిచిన వాన నీళ్లు. నాలుగు రోజులైతే ఎండిపోతయి. కింద నిప్పు ఉంటదని నువ్వే చెప్తివి గద?"

ఇక లాభం లేదని అసలు సంగతి చెప్పేశాను. ఆ వేడి మందు వేడి అనీ, నాకు అప్పుడే తెలుసనీ, నలుగురిలో నవ్వారని గెలవడానికి అట్లా అన్నాననీ చెప్పాను. భూమి గుండ్రటిదే, కానీ నీ తాడు లెక్క కూడా నిజమే అన్నాను. మాట పూర్తయ్యేలోగా ఏడుపొచ్చింది. అన్న చాలాసేపు నా మొహం చూసి, నవ్వాడు.

"నన్ను ఇంటికి తోల్కపోనీకి అబద్ధం చెప్తున్నవ్. నా తమ్ముడు గట్లాంటోడు కాదు. పో, అమ్మను పైలంగ సూస్కో. ఈ కట్ట పని అయినంక వస్తం."

ఎంత బతిమాలినా కదల్లేదు. నేను అతన్ని ఎంత గట్టిగా ఒప్పించానో అప్పుడు తెలిసింది. నా మాటలన్నీ నాకే ఎదురు చెప్పాడు, ఒక్కటి కూడా పొల్లు పోకుండా. ఒక్కణ్ణే ఏరు దాటి వచ్చాను.

తొలకరికి ఆ గుంపులో జ్వరాలు పట్టుకున్నాయి. గద్వాల దవాఖానకు తీసుకుపోయేలోగా అన్న పోయాడు. పది రోజుల తర్వాత వదిన ఒక్కతే వచ్చింది. మా చేను పచ్చగా ఉంది అప్పటికి.

భూమి గుండ్రంగా ఉండడంలో నాకేం అనుమానం లేదు. తర్వాత ఎందరికో ఆ పాఠం చెప్పి బతికాను. చదువుకున్నందుకు కూడా విచారం లేదు. దాన్ని అన్న మీద వాడిన తీరుకే విచారం. అన్న మొండివాడు, నేను నిజం చెప్పినా వినలేదు, నా వంతు నేను చేశానని అనుకుంటూ కొన్ని నెలలు గడిపాను. ఆ కాస్త ఊరట కూడా వదిన ఉండనివ్వలేదు. కావాలని కాదు. ఒకరోజు జొన్నలు చెరుగుతూ, ఏదో మాటల మీద అంది.

"నువ్వొచ్చి పోయిన నాడు నీ మాట నమ్మిండు. నీళ్లు పడ్డయని నాతోటి చెప్పి, చిన్నపోరని లెక్క ఎగిరిండు. మరి పోదాం పా అంటే, ఇప్పుడే వద్దు అన్నడు. ఇప్పుడు పోతే ఎందుకు పోతున్నరని అందరు అడుగుతరు, తమ్ముడు అబద్ధమాడిండని తెలుస్తది, వాన్ని సూసి అందరు నవ్వుతరు, నవ్వితే వాడు ఓర్సుకోలేడు అన్నడు. కట్ట అయినంక సప్పుడు లేకుంట పోదాం అన్నడు."

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయి ఏడ్చాను. వదిన చేట ఆపకుండా జొన్నలు చెరుగుతూనే ఉంది.